మోత్కూరులో విప్పని వేషం

వెళ్లొచ్చి పది రోజులైంది. నా నడుము మాత్రం ఇంకా తిరిగి రాలేదు. కల్వకుర్తికీ దేవరకొండకీ మధ్య ఏదో గుంతలో ఉండిపోయింది. ఆ దారిన పోయేవాళ్లకు కనిపిస్తే దయచేసి ఒక కార్డు ముక్క రాయగలరు.

యాభై ఒకటో ఏట లా కాలేజీలో చేరిన మనిషిని నేను. పక్కింటాయన మా గోడలోంచి నీళ్ల పైపు వేశాడు. కేసు వేద్దామని వకీలు దగ్గరికి పోతే ఆయన చెప్పిన ఫీజు విని, అంతకంటే నేనే వకీలు కావడం చౌక అని తేల్చుకున్నాను. మొదటి రోజు క్లాసులో పిల్లలంతా నన్ను ప్రిన్సిపాల్ అనుకుని లేచి నిలబడ్డారు. ఇప్పుడు ఫ్యాను కింద సీటు కోసం నన్నే లేపుతున్నారు.

మా కాలేజీలో ఒక పద్ధతి ఉంది. సెలవులొస్తే విద్యార్థులు ముగ్గురేసి జట్టుగా జిల్లాలకు పోయి, కాగితం లేని మనుషులకు కాగితాలు పుట్టించాలి. ఆధార్ అయినా, రేషన్ కార్డయినా, కులం సర్టిఫికెటయినా సరే. దసరా తర్వాత మా జట్టుకు పాలమూరు పడింది. నాయకురాలు శ్రావణి. ఇరవై రెండేళ్ల పిల్ల, నవ్వాలన్నా ఏ సెక్షను కింద అని అడిగే రకం. కారు ఇమ్రాన్‌ది, నడిపేదీ అతనే. జట్టులో నా వాటా అనుభవం. అంటే ముందు సీటు.

షాద్‌నగర్: మెడలో కార్డులు

షాద్‌నగర్ చౌరస్తాలో చాయ్‌కి ఆగాం. ఫ్యాక్టరీ షిఫ్టు మారే వేళ. బస్సుల్లోంచి దిగుతున్న ప్రతి మెడలోనూ ఒక కార్డు వేలాడుతోంది. నా లెక్క ప్రకారం ఆ కూడలిలో మెడలో కార్డు లేని ప్రాణులు మేకలూ, మేమూ.

రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు పెట్టుకున్నావిడ మా ఫైళ్లు చూసింది. "ఏడికి పోతున్నరు సారూ?"

"కార్డులు లేనోళ్లకు కార్డులు చేయిస్తందుకు పోతున్నమమ్మా."

"నాకు మూడున్నయి. ఒక్కటన్న నా మొఖం లెక్క లేదు. అది గూడ చేయిస్తరా?"

గంప మూడు వందలంది. మా కరీంనగర్ వైపు గుట్టల మీద ఉత్తినే కోసుకుంటామని నేను గొప్పలు పోతే, "అయితే గుట్టెక్కు పో" అంది. మూడు వందలిచ్చి కొన్నాను. జడ్చర్ల చేరేసరికి పదహారు పండ్లు నేను, రెండు ఇమ్రాన్, అర పండు శ్రావణి తిన్నాం. గింజలు కిటికీలోంచి ఉమ్మవద్దని శ్రావణి హెచ్చరించింది. వచ్చే ఏడు ఆ దారంతా సీతాఫలం తోపులు మొలిస్తే సాక్ష్యం నామీదికే వస్తుందట.

పాలమూరు: అయిదో గుడారం

మహబూబ్‌నగర్ ఊరి చివర రైలు పట్టాలకు ఇవతల పగటివేషగాళ్ల గుడారాలు ఉన్నాయి. పాత ఫ్లెక్సీలతో కప్పినవే అన్నీ. ఒక్కో గుడారం మీద ఒక్కో నాయకుడు చేతులు జోడించి ఎండకు వెలిసిపోయి ఉన్నాడు.

అయిదో గుడారం కిష్టయ్యది. ఏడుగజాల మనిషి, మీసమొక్కటే మూడుగజాలు. ఊరూరా తిరిగి రోజుకొక వేషం కట్టడం అతని పని. ఇవాళ ఫకీరు, రేపు పట్వారి, ఎల్లుండి పిట్టలదొర. పదేళ్ల కింద భార్య పోయాక ఊళ్లు తగ్గించి ఇక్కడే ఉండిపోయాడు. ఒక్కతే కూతురు మానస. ఇంటరు పాసై, నర్సింగు కాలేజీలో సీటు తెచ్చుకుంది. గుడారాల్లో అంతదూరం చదివిన మొదటి పిల్ల.

సీటు నిలబడాలంటే కులం సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్‌కు తండ్రి ఆధార్ కావాలి. తండ్రికి ఆధార్ లేదు. గడువు ఎల్లుండి సాయంత్రం అయిదు.

"నాలుగుసార్లు ఫొటో తీసిండ్రు, నాలుగుసార్లు కొట్టేసిండ్రు," అంది మానస. ఆ పిల్ల తెచ్చిచ్చిన చీటీలను శ్రావణి ఒక్కొక్కటే చదివింది. చదివి కళ్లజోడు తీసింది. ఆమె కళ్లజోడు తీసిందంటే ఎవరో ఒకరికి మూడినట్టే.

"పెద్దయ్యా, నీ వేలిముద్రలు మిషన్ల ఇంతకుముందే ఉన్నయంట. అందుకే కొత్తది ఇస్తలేరు. ఎప్పుడన్న దిగినవా ఆధార్?"

"నేను దిగలే బిడ్డా."

"మరి వేళ్లు ఎవరివి?"

కిష్టయ్య చాలాసేపు మీసం దువ్వాడు. "నేను దిగలే. గాజులామె దిగింది."

 దొంగ వేలిముద్రలు, మారుపేర్లు! మా పాఠ్యపుస్తకంలో ఉన్న నేరాలన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. అప్పుడు అతను చెప్పాడు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో మోత్కూరులో తొమ్మిది దినాలు వేషాలు కట్టారట. ఎనిమిదో నాడు కిష్టయ్య గాజులమ్మే ఆడమనిషి వేషంలో ఉన్నాడు. ఆ రోజే బడిలో ఆధార్ క్యాంపు పెట్టారు. వేషం కట్టినవాడు పొద్దు గూకేదాకా ఆ మనిషే. ఆకలైనా ఆ మనిషిగానే తినాలి, కుక్క తరిమినా ఆ మనిషిగానే పరుగెత్తాలి. అది వాళ్ల పని కట్టుబాటు. ఊరివాళ్లు "గాజులామె, నువ్వు దిగవా?" అని ఎగదోశారు. గాజులామె ఆడవాళ్ల వరసలో నిలబడింది. తోపులాడింది. మిషను ముందు కూర్చుని పది వేళ్లూ, రెండు కళ్లూ ఇచ్చింది. అదీ ఆటలో భాగమే అనుకుంది. మిషనుకు మాత్రం ఆట తెలియదు.

"అయితే దొరికింది!" అన్నాడు ఇమ్రాన్. "ఆ పాత నంబరు వెతికి, పేరు సరిచేయిస్తే అయిపాయె. ఏం పేరు చెప్పినవ్ అప్పుడు?"

"అది చెప్పరాదు."

"ఎందుకు?"

"ఏషం విప్పలే గద."

తొమ్మిదో నాడు వేషగాళ్లు ఊరి ముందు నిలబడాలి. ఊరివాడు ఒకడు "ఎవరు నువ్వు, నీ అసలు పేరేంది?" అని అడగాలి. అప్పుడు వేషం విప్పి, సొంత పేరు చెప్పి, ఊరిచ్చింది తీసుకోవాలి. విప్పని వేషం పేరు బయట పలకకూడదు. మోత్కూరులో ఎనిమిదో నాటి సాయంత్రమే భార్యకు జ్వరం ముదిరిందని కబురొస్తే, గాజులు కూడా తీయకుండా పాలమూరు దవాఖానకు పరుగెత్తుకొచ్చాడు. ఆమె బతకలేదు. తొమ్మిదో నాడు రానేలేదు. గాజులామె పదేళ్లుగా మోత్కూరులోనే నిలబడి ఉంది.

"పేరు లేకుంటే మిషన్ల దొరకదు నాయినా," అంది మానస. "ఒక్క మాట. ఈళ్ల చెవుల చెప్పు."

"విప్పకుంట చెప్పి ఏమాయెనో తెల్వదా నీకు? మా చిన్నాయిన చెప్పిండు, వారం తిరగకముందే ఆయన పెండ్లాం..."

"నా సీటు పోతది నాయినా!"

కిష్టయ్య గుడారంలోంచి లేచిపోయాడు. మానస పొయ్యి ముందు కూర్చుని, ఏడుస్తూనే మాకు జొన్నరొట్టెలు కొట్టింది. ఆ రొట్టె పున్నమి చంద్రుడంత ఉంది. మా వైపు సర్వపిండి రొట్టె దాని ముందు బొట్టుబిళ్ల. కానీ ఆ పూట నాకు మూడు రొట్టెలకు మించి ఎక్కలేదు. ఆందోళన అలాంటిది.

చీకటి పడే ముందు కిష్టయ్య ఒక రేకుపెట్టె మోసుకుంటూ వచ్చాడు. "మోత్కూరు తోల్కపొండ్రి. విప్పి చెప్త."

మోత్కూరు పోయి రావడమంటే ఒకరోజు మొత్తం పోతుంది. అక్కడ పని కాకపోతే ఇక రెండో దారి లేదు. ఏ చట్టంలో ఉందమ్మా ఇది అని నేను శ్రావణి చెవిలో గొణిగాను.

"చట్టంల లేదు అంకుల్. ఆయన దగ్గర ఉన్నది. పొద్దుగాల ఆరింటికి బయలెల్లుదాం."

కల్వకుర్తి, దేవరకొండ: ఒకటే టైరు, రెండు పంక్చర్లు

చిన్న కారులో అయిదుగురం. వెనక శ్రావణి, మానస, కిష్టయ్య. అతని ఒడిలో పెట్టె. అతను పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. విప్పేదాకా ముట్టడట. ఆ లోటు పూడ్చే బాధ్యత నేను తీసుకున్నాను. కల్వకుర్తిలో పదిహేను రూపాయలకు నాలుగు మిర్చీలు వేడివేడిగా దిగుతుంటే ఎనిమిది తిన్నాను. ఇరవై కిలోమీటర్లు దాటాక అవి నా కడుపులో ఉద్యమం మొదలుపెట్టాయి. పత్తి చేను ఒకటి నన్ను ఆదుకుంది. చేను గల ఆసామి గట్టు మీద నిలబడి, "సారూ, సర్వేకొచ్చిండ్రా?" అని అడిగాడు. కూర్చున్నవాడు ఏమని జవాబిస్తాడు?

దేవరకొండ ముందర టైరు పంక్చరైంది. వేయించుకుని పది కిలోమీటర్లు పోగానే అదే టైరు మళ్లీ కూర్చుంది. పంక్చరు షాపాయన టైరును నీళ్లతొట్టిలో ముంచి, బుడగలు చూస్తూ తాపీగా బీడీ వెలిగించాడు. శ్రావణి నిమిషానికొకసారి గడియారం చూస్తోంది. మానస కళ్లు మూసుకుని వేళ్ల మీద ఏదో లెక్కపెడుతోంది. నల్లగొండలో అన్నానికి ఆగుదామని నేనంటే నలుగురూ నావైపు చూసిన చూపును శిక్షాస్మృతి కింద హత్యాయత్నంగా నమోదు చేయవచ్చు. ఆగలేదు.

మోత్కూరు: అడిగేవారు లేరు

నాలుగింటికి మోత్కూరు చేరాం. మా అదృష్టం, అంగడి రోజు. కిష్టయ్య ముందు మంగలి షాపుకు పోయి మూడుగజాల మీసం తీయించుకున్నాడు. ఒక చాయ్ హోటల్ పెరట్లో పెట్టె తెరిచాడు. లోపల ఆకుపచ్చ చీర, సవరం, గాజుల మలారం మూట. చీర చూడగానే మానస నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మ చీర గద?"

కిష్టయ్య చీర చుట్టుకుని, సవరం పెట్టుకున్నాడు. గాజులు తొడుక్కున్నాడు. పదేళ్లలో చేతులు ఎండిపోయి, గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

పెరట్లోంచి బజార్లోకి నడిచింది మాత్రం కిష్టయ్య కాదు. నడుము తిప్పుకుంటూ, కొంగు విసురుకుంటూ ఒక గాజులామె నడిచింది. "గాజులో! మట్టి గాజులో! మొగుడు సూడంగనే పడిపోయే గాజులో!"

జనం మూగారు. నవ్వారు. కుర్రకారు ఫోన్లెత్తి వీడియోలు తీశారు. ఒకడు పక్కన నిలబడి సెల్ఫీ దిగాడు. ఉల్లిగడ్డలాయన సరసమాడితే గాజులామె అతని బుట్టే అతని తల మీద బోర్లించింది. అంతా బాగానే ఉంది. కానీ ఎవరూ అడగడం లేదు. "నీ పేరేంది?" అని ఒక్కరూ అడగడం లేదు. పదేళ్లలో ఊరు ఆ పద్ధతి మరిచిపోయింది.

అయిదైంది. అంగడి సర్దుకుంటోంది. గాజులామె మూడోసారి అదే వీధి తిరుగుతోంది. గొంతు పగిలింది, బొట్టు చెమటకు కారింది. నేనిక ఆగలేకపోయాను. "ఎవరు ను..." అన్నానో లేదో, శ్రావణి నా నోరు మూసింది.

"మనం ఊరోళ్లం కాదు అంకుల్! మనం అడిగితే చెల్లదు!"

నోటికి అడ్డంగా ఆమె చెయ్యి, లోపల నా మాట, కడుపులో మిగిలిన మిర్చీలు. నేను ఏ క్షణమైనా పేలిపోయేవాణ్నే. అప్పుడు వంకాయల కుప్ప వెనకనుంచి ఒక ముసలవ్వ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని లేచింది.

"ఏమే గాజులదాన! బడికాడ నాకన్న ముంగట వరసల దూరినవు గదనే! నన్ను తోసి పోయి, మల్ల కంటవడలే. ఏడ సచ్చినవే ఇన్నేండ్లు?"

గాజులామె నడివీధిలో ఆగిపోయింది. "ఇల్లు కాలిపోయిందవ్వా. ఆర్పవోయిన."

"ఆరిందా?"

"ఆర్లే."

అవ్వ దగ్గరికొచ్చి ముఖంలోకి తేరిపార చూసింది. కారిన బొట్టును కొంగుతో తుడిచింది. "ఇగ చాలు తియ్. ఎవలు కొడుకా నువ్వు? నీ అసలు పేరేంది?"

 కిష్టయ్య సవరం తీశాడు. చీర కొంగు దించి, గాజులు ఒక్కొక్కటే తీసి మలారంలో పెట్టాడు. మగ గొంతుతో అన్నాడు: "నేను కిష్టయ్యనవ్వా. పాలమూరు ఏషగాన్ని. ఆ దినం ఆడ చెప్పిన పేరు నా ఇంటిదాని పేరు. చంద్రమ్మ."

పెళ్లయిననాటి నుంచి ఆ పేరు అతను నోటితో పలకడం రెండోసారట. మొదటిసారి మిషను ముందు పలికాడు. అవ్వ అయిదు వంకాయలు తెచ్చి అతని కొంగులో పోసింది. కిష్టయ్య వాటిని కళ్లకద్దుకుని, చాయ్ హోటల్లో చెంబెడు నీళ్లు గటగటా తాగాడు.

భువనగిరి: ఒక పేరు తీసేయాలి

రాత్రి భువనగిరి లాడ్జిలో నల్లులు నన్ను పంచుకున్నాయి. పొద్దున తొమ్మిదిన్నరకు ఆధార్ సెంటరు ముందున్నాం. నెత్తిన ఖిల్లా గుట్ట మబ్బును కూడా ఆపేసేంత ఎత్తున నిలబడింది. వరసలో మా ముందు భువనగిరి జనాభాలో సగం మంది ఉన్నారు.

పదిన్నరకు వంతు వచ్చింది. పేరు, పిన్‌కోడు, ఆడా మగా చెప్పి వేలు పెడితే పాత నంబరు దొరుకుతుంది. ఆపరేటర్ కుర్రాడు చంద్రమ్మ అని కొట్టాడు. కిష్టయ్య బొటనవేలు పెట్టాడు. దొరకలేదు.

"ఇంకోసారి చూడు తమ్మీ," అంది శ్రావణి.

మళ్లీ లేదు. మానస బల్ల అంచు పట్టుకుంది. శ్రావణి తెర మీదికి వంగింది. "మగ అని పెట్టినవ్!"

"మగమనిషే గదక్కా ముంగట ఉన్నది!"

"ఆడ అని పెట్టు."

వేలు పెట్టాడు. తెర తిరిగింది, తిరిగింది. ఒక్కసారి ఫొటో వచ్చింది. ఇంత బొట్టు, ఆకుపచ్చ కొంగు, మెడ కాస్త పక్కకు వంచి నవ్వు. కుర్రాడు నవ్వబోయి, మానస ముఖం చూసి మింగేశాడు.

శ్రావణి ఫైలులోంచి ఫారం తీసింది. పేరు మార్పుకు అధికారి సంతకం పాలమూరులో మొన్న సాయంత్రమే చేయించి పెట్టుకుంది. కుర్రాడు పాత పేరు కొట్టేయబోయాడు.

"మార్చినంక గా పేరు ఏడికి పోతది?" అని అడిగాడు కిష్టయ్య.

"పోతది అంతే. మల్ల ఎన్నడు రాదు."

కిష్టయ్య వేలు వెనక్కి తీసుకున్నాడు. "అయితే మార్చకు."

మేమంతా ఒకేసారి అరిచాం. అతను వినలేదు. "ఆమెకు రేషన్ కార్డు లేదు, ఓటు లేదు, ఫొటో లేదు. దవాఖానల గూడ చీటీ రాయకముందే పోయింది. సర్కారు దగ్గర ఆమె పేరున్నది గిదొక్కటే. నా చేతులతోని ఎట్ల తీయాలె?"

గడియారంలో పదకొండు దాటింది. వెనకవాళ్లు సణుగుతున్నారు. మూడు రోజుల్లో మొదటిసారి శ్రావణికి ఏ సెక్షనూ గుర్తు రాలేదు. నాకు గుర్తు రావడానికి మొదటినుంచీ ఏమీ లేవు.

మానస తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాయినా, అమ్మకు చీటీ రాసే నర్సు ఆ దినం ఉన్నదా?"

"లేదు బిడ్డా."

"మరి నన్ను ఉండనియ్యి."

కిష్టయ్య తల వంచాడు. మానస కుర్రాడి వైపు తిరిగింది. "అన్నా, మార్చకముందు ఒక్కటి తీసియ్యి. రంగులది."

కలర్ ప్రింటు ముప్పై రూపాయలు. నా జీవితంలో బేరమాడకుండా ఇచ్చిన ముప్పై రూపాయలు అవే. కాగితం వెచ్చగా మానస చేతిలోకి వచ్చాక కిష్టయ్య బొటనవేలు మిషను మీద పెట్టాడు.

మళ్లీ పాలమూరు: అయిదు గంటలు

హైదరాబాదు చుట్టు రోడ్డు మీద ఇమ్రాన్ నడిపిన వేగానికి నా ఆత్మ షాద్‌నగర్ దాకా కారు వెనక పరుగెత్తుకుంటూ వచ్చింది. నాలుగూ పదికి తహసీల్ ఆఫీసు. అధికారి పాత ప్రింటూ, మార్పు చీటీ, శ్రావణి దారిలో నోటరీ చేయించిన అఫిడవిట్ బల్ల మీద పరుచుకుని ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. ఈ ఘట్టం కోసం నేను జడ్చర్ల నుంచి ఒక మహోపన్యాసం తయారుచేసుకుంటూ వచ్చాను. "అయ్యా, న్యాయశాస్త్రంలో..." అన్నాను. ఇమ్రాన్ నా కాలు తొక్కాడు.

"గీ ఫొటోల ఉన్నది ఎవరయ్యా?" అన్నాడు అధికారి.

"ఏషం సారూ," అన్నాడు కిష్టయ్య. "మోత్కూర్ల విప్పొచ్చిన."

అధికారి అతని గీసిన పైపెదవిని కాసేపు చూశాడు. ఆ చూపు నా లెక్కలో రెండు పంచవర్ష ప్రణాళికలంత నడిచింది. ఆ తర్వాత కలం తీశాడు.

నర్సింగు కాలేజీ కిటికీ ముందు మేము నిలబడేసరికి అయిదుకు ఎనిమిది నిమిషాలు తక్కువ. లోపలి గుమస్తా మానస ఫైలును ఒక్కొక్క కాగితం లెక్కపెట్టి తీసుకుంది. మార్కుల మెమో, టీసీ, ఇంకా సిరా ఆరని కులం సర్టిఫికెట్. చివర ఒక కాగితం దగ్గర ఆగి, కిటికీలోంచి వెనక్కి తోసింది.

"గిది అవసరం లేదు. పొరపాటున వచ్చినట్టుంది. ఎవరు గీమె?"

మానస ఆ కాగితం తీసుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని మెడ పక్కకు వంచి నవ్వుతున్న ఆ ముఖాన్ని చూసింది. కింద పేరు చూసింది.

"మా అమ్మ," అంది.

పక్కన కిష్టయ్య లేని మీసాన్ని దువ్వుకుంటూ గోడవైపు తిరిగాడు.